పాతికేళ్లుగా షెడ్డులో పడున్న తాతగారి జావా: బాగుచేయించాలా, ఇచ్చేయాలా?

పెదవాల్తేరు_కుర్రాడు
మా తాతగారి 1972 జావా 250 ఒకటి పెరట్లో ఉంది. విశాఖ పోర్టులో ఉద్యోగం చేసినన్నాళ్లూ, రిటైరయ్యాకా దాని మీదే తిరిగారు. 1998లో చూపు తగ్గి ఆపేశారు. ఆ రోజు స్టాండు వేసిన చోటే ఇవాల్టికీ ఉంది. హుద్‌హుద్‌కి షెడ్డు రేకు ఊడి దాని మీద పడితే, ఆ రేకు తీసే దిక్కు కూడా లేకపోయింది. మొన్న నేనే తీశాను.

కిక్కు రాడ్డు అంగుళం కూడా దిగట్లేదు. ట్యాంకు మూత తీసి వేలు పెడితే ఎర్రటి పొడి. టైర్లు బీటలు వారి రాయిలా అయిపోయాయి. సీటులో ఎలుకలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, వెళ్లిపోయాయి కూడా. తాళం లేదు. ఆర్‌సీ మాత్రం తాతగారి ట్రంకు పెట్టెలో దొరికింది. దాంతోపాటు ఆయన కళ్లజోడు, పాత బస్సు టిక్కెట్లు, దారం కట్టిన మేకు ఒకటి, ఇలాంటివేవో ఉన్నాయి.

మా వైపు మెకానిక్ ఒకాయన వచ్చి ఐదు నిమిషాలు చూసి, "ఇంజిన్ చచ్చిపోయింది. మొత్తం చేయిస్తే 90 వేలు అవుద్ది. వద్దంటే 15 వేలిచ్చి నేనే పట్టుకెళ్తా" అన్నాడు. అమ్మ ఇచ్చెయ్యమంటోంది. నాకు ప్లగ్గు మార్చడం తప్ప ఇంకేం రాదు. ఏం చెయ్యమంటారు?

భీమిలి_బుల్లెట్
చచ్చిపోయిన ఇంజిన్‌కి 15 వేలు ఎవడిస్తాడు తమ్ముడూ? శవానికి ఎదురు కట్నం ఇచ్చినట్టుంది.

డబుల్_సైలెన్సర్
ఇవ్వకండి. ముందు ఫోటోలు పెట్టండి. రెండు సైలెన్సర్లూ ఉన్నాయా? ట్యాంకు పక్కల రబ్బరు మోకాలి ప్యాడ్లు? గొలుసు మీద పూర్తిగా కప్పే రేకు కవరు? ఇంజిన్ ఎలాగోలా తయారవుతుంది, ఈ చిల్లర సామానే దొరకదు.

పెదవాల్తేరు_కుర్రాడు
ఫోటోలు పెట్టాను. సైలెన్సర్లు రెండూ ఉన్నాయి, ఎడమదానికి కింద చిల్లు. ప్యాడు ఒకటే ఉంది. గొలుసు కవరు ఉంది గానీ దాని రబ్బరు గొట్టాలు పొడి పొడి అయిపోయాయి. సింగిల్ సిలిండర్‌కి రెండు సైలెన్సర్లు ఎందుకో ఇప్పటికీ అర్థం కాలేదు.

జావా_మామ
ముందు ఆ కిక్కు మీద నుంచి కాలు తియ్యి బాబూ.

నా దగ్గర 1969 బండి ఉంది, ఇప్పటికీ తిరుగుతోంది. అదీ మధ్యలో పదకొండేళ్లు పడుకుంది. పిస్టన్ రింగులు తుప్పుతో బోరుకి, అంటే సిలిండర్ లోపలి గోడకి, అంటుకుపోతాయి. బలంగా తొక్కావంటే రింగు ముక్క విరిగి పోర్టులో (ఆ గోడకి గాలీ పొగా పోవడానికి ఉండే కన్నంలో) ఇరుక్కుంటుంది, లేదా కిక్కు లోపలి పళ్లు ఊడతాయి. ప్లగ్గు విప్పు. ఆ కన్నంలోంచి డీజిలూ, ఆటోమేటిక్ గేరు బండ్లకు పోసే పల్చటి నూనే సగం సగం కలిపి పొయ్యి. కన్నంలో గుడ్డ కుక్కి వారం రోజులు దాని మొహం చూడకు. తగ్గితే మళ్లీ పొయ్యి. వారం తర్వాత వెనక చక్రం నేలకు ఆనకుండా లేపి, టాప్ గేరులో పెట్టి, చేత్తో ముందుకూ వెనక్కూ ఊపు. ఊపాలంతే, తొయ్యకూడదు. గేరు పడకపోతే డైనమో వైపు నట్టుకి పానా వేసి ఊపు. కదిలిందంటే నీ పంట పండినట్టే.

రెండు సైలెన్సర్ల సంగతి: ఒకే సిలిండర్‌కి పొగ పోయే దారులు రెండు పెట్టారు. ఆ శబ్దం అందుకే అలా ఉంటుంది. కిక్కు రాడ్డే గేరు రాడ్డు కూడా, తెలుసు కదా? స్టార్ట్ అయ్యాక లోపలికి నొక్కి ముందుకు తిప్పాలి. గేరు మార్చేటప్పుడు ఆ రాడ్డే క్లచ్చి పని కూడా చేసేస్తుంది, చేత్తో పట్టనక్కర్లేదు.

తాళం గురించి బెంగ పెట్టుకోకు. హెడ్‌లైటు డూమ్ మీద స్విచ్చి ఉంటుంది చూడు, అందులో దూరే మేకు ఏదైనా తాళమే. మా రోజుల్లో సగం మంది మేకులతోనే నడిపేవాళ్లు.

భీమిలి_బుల్లెట్
@జావా_మామ మరి దొంగలు ఎత్తుకుపోరా గురువుగారూ?

జావా_మామ
ఎత్తుకుపోవాలంటే గేరు రాడ్డు ఎక్కడుందో తెలియాలి కదా. మా వీధిలో ఒకడు స్టార్ట్ చేసి, గేరు వెతుక్కుంటూ దొరికిపోయాడు.

పెదవాల్తేరు_కుర్రాడు
ఒక్క నిమిషం. మేకా?

దారం కట్టిన మేకు అన్నాను కదా. దాన్ని అమ్మ హాల్లో గోడకి కొట్టి క్యాలెండర్ తగిలించింది.

డబుల్_సైలెన్సర్
😂😂😂 తాళానికి వెంకన్న బాబు కాపలా.

సింహాద్రి_రైడర్
ట్యాంకు తుప్పుకి ఒక చిట్కా. బాత్‌రూం కడిగే యాసిడ్ అర లీటరు పోసి అరగంట ఉంచండి. తళతళా మెరిసిపోతుంది. నా ఆర్‌ఎక్స్ 100కి అలాగే చేశా.

రసాయన_టీచర్
@సింహాద్రి_రైడర్ దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. తుప్పును తిన్నాక ఆగదు, ఇనుమునూ తింటుంది. యాభై ఏళ్ల రేకు, ఎక్కడ పల్చబడిందో బయటికి కనబడదు. అసలు మన ఊళ్లో తుప్పుకి మూలమే క్లోరైడ్. సముద్రం గాలిలో వచ్చే ఉప్పు ఇనుము మీద కూర్చుని తేమ లాక్కుంటుంది. మళ్లీ అదే క్లోరైడ్‌ని చేతులారా లోపల పోస్తారా? సరిగా కడగకపోతే వారంలో తుప్పు తిరిగి వస్తుంది.

కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్ చాలు. నాలుగైదు శాతం ఎసిటిక్ యాసిడ్ ఉంటుంది. నెమ్మదిగా పని చేస్తుంది, అదే దాని మంచితనం. ట్యాంకు నిండా పోసి, గుప్పెడు చిన్న నట్లు వేసి, ఒకటి రెండు రోజులు ఉంచి, అప్పుడప్పుడు ఊపండి. నట్లు లెక్కపెట్టి వేయండి, లెక్కపెట్టి తీయండి. తర్వాత నీళ్లలో తినే సోడా కలిపి కడిగితే పులుపు విరుగుతుంది. వెంటనే ఆరబెట్టాలి. హెయిర్ డ్రైయర్ పెట్టండి, ఎండకు వదిలేస్తే చూస్తుండగానే నారింజ రంగు వచ్చేస్తుంది. ఆరిన వెంటనే పెట్రోలులో టూ స్ట్రోక్ ఆయిలు కలిపి లోపలంతా తడిపేయండి.

ఉప్పుగాలి
చాకలి సోడా నీళ్లలో కరెంటు పెట్టి తుప్పు తీసే పద్ధతి ఇంకా బాగుంటుంది కదా టీచర్ గారూ?

రసాయన_టీచర్
బాగుంటుంది. ట్యాంకు మైనస్‌కి, ఇనప చువ్వ ప్లస్‌కి, బ్యాటరీ ఛార్జర్ చాలు. చువ్వ ట్యాంకు గోడకి తగలకూడదు. రెండు జాగ్రత్తలు: స్టీలు చెంచా, స్టీలు గరిట లాంటివి ప్లస్‌కి పెట్టకండి, విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట చేయండి, పక్కన సిగరెట్ వద్దు.

లేత్_మేస్త్రి
ట్యాంకుకి చిల్లుంటే వెల్డింగ్‌కి తీసుకెళ్లేవాళ్లకి ఒక మాట. ఇరవై ఏళ్లు ఖాళీగా ఉన్న ట్యాంకులోనూ ఆవిరి ఉంటుంది. మా పక్క షాపులో మూత ఎగిరి పైకప్పు రేకుకి కన్నం పడింది. మనిషి వంగి లేడు కాబట్టి బతికాడు. నీళ్లు నింపి, అతుకు పెట్టే చోటు వరకే ఖాళీ ఉంచి చేయించండి.

పెదవాల్తేరు_కుర్రాడు
పదకొండో రోజు. డీజిలు మూడుసార్లు పోశాను. ఇవాళ సాయంత్రం చక్రం ఊపుతుంటే ‘టక్’మని కదిలింది! వేలెడంత. మళ్లీ ఊపితే ఇంకో వేలెడు. ప్లగ్గు కన్నంలోంచి నల్లటి చిక్కటి నూనె నా చొక్కా మీద చిమ్మింది. అమ్మ తిట్టింది. నాకు మాత్రం పండగలా ఉంది.

జావా_మామ
భలే. ఇప్పుడు స్టార్ట్ చెయ్యాలని ఆత్రపడకు. హెడ్డూ, సిలిండరూ విప్పి చూపించు. టూ స్ట్రోక్‌లో క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) నూనెలో మునిగి ఉండదు, పెట్రోలుతో వచ్చే నూనే దానికి తిండి. పాతికేళ్లు పస్తులుంది. హుద్‌హుద్ నీళ్లు కూడా లోపలికి పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్డు కింద బేరింగు పోయినట్టే లెక్క.

పెదవాల్తేరు_కుర్రాడు
విప్పించాను (కంచరపాలెంలో ఒక పెద్దాయన దగ్గర, మొదటి మెకానిక్ దగ్గర కాదు). బోరులో ఒక పక్క గోరు తగిలేంత గుంటలు. రాడ్డు పైకీ కిందకీ ఊగుతోంది. గేర్లు మాత్రం నూనెలో ఉండబట్టి కొత్తవాటిలా ఉన్నాయి. పెద్దాయన వాటిని చూసి దణ్ణం పెట్టాడు.

లేత్_మేస్త్రి
బోరు కొట్టించే (సిలిండర్ లోపల తొలిచి వెడల్పు చేయించే) ముందు పిస్టన్ కొనండి. చాలామంది తిరగేసి చేస్తారు. స్టాండర్డ్ బోరు 65 మిల్లీమీటర్లు. మీ గుంటల లోతు చూస్తే 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పడొచ్చు. ఆ సైజు పిస్టన్ చేతికొచ్చాక, దాన్ని కొలిచి, దానికి తగ్గట్టు బోరు కొట్టాలి. ముందే కొట్టేసి తర్వాత పిస్టన్ దొరక్కపోతే సిలిండర్‌ని పూల కుండీ చేసుకోవాలి.

డబుల్_సైలెన్సర్
పిస్టన్లూ రాడ్డు కిట్లూ మైసూరు, చెన్నై పుదుపేట, ఢిల్లీ కరోల్‌బాగ్‌లలో వెతకండి. జావాకి చేసినవి యెజ్డీ (జావానే తర్వాత ఆ పేరుతో వచ్చింది) పేరుతో కూడా దొరుకుతాయి, లోపలి సామాను చాలావరకు ఒకటే. డబ్బా మీద పేరు చూసి వద్దనకండి. క్రాంకు సీళ్లు కూడా రెండూ మార్చించండి. క్లచ్చి వైపు సీలు పోతే గేరు ఆయిల్‌ని ఇంజిన్ తాగేస్తుంది. తెల్ల పొగ ఆగదు.

భీమిలి_బుల్లెట్
ఇంత అవస్థ పడే బదులు ఒక పాత బుల్లెట్ కొనుక్కోవచ్చు కదా. సమ్మెట పెట్టి కొట్టినా నడుస్తుంది.

జావా_మామ
అది నడవాలంటే సమ్మెట పెట్టి కొట్టాలి. తేడా గమనించు.

ఉప్పుగాలి
ఇంజిన్ గొడవ సరే. పెయింట్ సంగతేంటి? ఫోటోలో ట్యాంకు మీద ఆ ముదురు ఎరుపు, బంగారు గీత ఇంకా కనబడుతున్నాయి. దయచేసి రుద్దించేయకండి. మీ తాతగారి మోకాళ్లు తగిలి అరిగిన చోటు అది. కొత్త పెయింట్ ఎప్పుడైనా వేయొచ్చు, ఆ పాతది మళ్లీ రాదు. నూనె గుడ్డతో తుడిచి, పైన పల్చగా క్లియర్ కోటు కొడితే చాలు.

సింహాద్రి_రైడర్
ఊరుకోండి సార్. పెదవాల్తేరు అంటే సముద్రం నుంచి కేకేస్తే వినబడే దూరం. పాత పెయింట్ కింద తుప్పు నడుస్తూనే ఉంటుంది. రెండు వర్షాకాలాల్లో మడ్‌గార్డ్ జల్లెడ అవుతుంది. ఇసకతో కొట్టించి, ప్రైమర్ వేసి, ఫుల్‌గా చేయించాలి.

ఉప్పుగాలి
మడ్‌గార్డులు చేయించుకోండి, నేను కాదనలేదు. ట్యాంకు గురించి చెబుతున్నా. నా బండిని 2016లో ‘ఫుల్‌గా’ చేయించి ఏడ్చినవాణ్ణి. షోరూం బొమ్మలా ఉంది. మా నాన్న బండిలా లేదు.

సింహాద్రి_రైడర్
ఏడుపుకీ తుప్పుకీ సంబంధం లేదు కదా అన్నా.

రసాయన_టీచర్
ఇద్దరిదీ కొంత నిజమే. పొక్కులు లేచిన చోట కింద తుప్పు ఉన్నట్టు. గట్టిగా అంటుకుని ఉన్న చోట ఆ పెయింటే రక్ష. గోటితో గీకి చూడండి, అదే చెబుతుంది. ఎలా చేసినా వారానికోసారి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టకపోతే మన ఊళ్లో ఏ పెయింటూ నిలవదు.

డబుల్_సైలెన్సర్
బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ 1969ది. 2002 నుంచి సముద్రం ఒడ్డునే నిలబడి జనానికి కనబడుతోంది. 1972 బండి ఎంత చెప్పండి.

సింహాద్రి_రైడర్
దానికి పెయింట్ వేస్తూనే ఉంటారు కాబట్టి 😎

పత్రాల_పంతులు
ఇసకతో కొట్టించే ముందు ఆగండి! చాసిస్ నంబరూ ఇంజిన్ నంబరూ ఉన్న చోట గ్రీజు రాసి మందపాటి టేపు వేయించండి. నాకు తెలిసిన ఒకాయన బండికి నంబరు అరిగిపోయి, అది తన బండే అని నిరూపించుకోవడానికి రెండేళ్లు తిరిగాడు. ఇప్పుడే కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి దాచుకోండి.

ఇక ఆర్‌సీ. మీ తాతగారి పేరున ఉంది కాబట్టి ముందు వారసుల పేరుకి మార్పు, అది ఫారం 31. అమ్మకానికి వాడే 30 కాదు, చాలామంది ఇక్కడే తప్పుతారు. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, మిగతా వారసుల ఒప్పుదల కావాలి. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఫారం 25. మామూలు బండికి 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేసి ఏళ్లు. ఇరవై ఏళ్లు దాటిన టూ వీలర్‌కి 2025లో ఫీజు 2,000 చేశారు. ఆలస్యానికి నెలకి 300 లెక్కన వేరే. పుస్తకం ఆర్‌సీ కాబట్టి కంప్యూటర్లో మీ బండి కనబడకపోవచ్చు, పాత రిజిస్టర్లోంచి ఎక్కించమని అడగాలి.

ఉప్పుగాలి
యాభై ఏళ్లు దాటింది కదా, వింటేజ్ కింద చేయించుకోవచ్చుగా?

పత్రాల_పంతులు
వచ్చు. 2021లో కేంద్రం తెచ్చిన రూలు. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి ఉండాలి, చాసిస్‌లో గానీ ఇంజిన్‌లో గానీ మార్పులు చేసి ఉండకూడదు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత 5,000. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. చిక్కేమిటంటే రోజూ తిరగడానికి పనికిరాదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, రిపేరు, అంతే. ఆదివారం బీచ్‌కెళ్లి మురీ మిక్స్చర్ తినొస్తానంటే మామూలు రెన్యువలే మేలు.

పెదవాల్తేరు_కుర్రాడు
మురీ మిక్స్చర్ కోసమే సార్ ఇదంతా. మామూలుదే చేయిస్తా.

భీమిలి_బుల్లెట్
6 వోల్టుల డైనమో తీసేసి 12 వోల్టులు పెట్టించు తమ్ముడూ. ఆ హెడ్‌లైటు వెలుగులో గుంట కనబడదు, గుంటలో పడ్డాక మాత్రం కనబడుతుంది.

జావా_మామ
పెట్టించుకుంటే తప్పు లేదు. ముందు అసలుది నడిపి చూడు. పాయింట్లు (నిప్పురవ్వ పుట్టించే చిన్న స్విచ్చి) శుభ్రం చేసి 0.4 మిల్లీమీటర్ల గ్యాపు పెట్టు, కండెన్సర్ మాత్రం కొత్తది వెయ్యి. టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే సమయం, జాగ్రత్త. ప్లగ్గు కన్నంలో సైకిలు పుల్ల పెట్టి పిస్టన్ పైకొచ్చే చోటు గుర్తు పెట్టుకుని చూసేవాళ్లం మేము. నిప్పురవ్వ మరీ ముందు పడితే బండి ఎదురు తన్నుతుంది. ఒక్కోసారి...

ఒద్దులే, నువ్వే చూస్తావు.

డబుల్_సైలెన్సర్
పెట్రోలు పైపూ, కార్బురేటర్ వాషర్లూ కూడా మార్చండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరుని మెత్తబరిచేస్తుంది. అది నీళ్లను కూడా పీల్చుకుంటుంది. వారం పైగా తియ్యనప్పుడు కుళాయి కట్టేసి కార్బురేటర్ ఖాళీ అయ్యేదాకా నడపండి.

రసాయన_టీచర్
సైలెన్సర్ల లోపలి మసి తీయడానికి కాస్టిక్ సోడా నీళ్లు పోస్తారు. ఇనుముకి ఫరవాలేదు. అల్యూమినియం భాగం ఏదీ అందులో వేయకండి, కరిగిపోతుంది. చేతికి గ్లౌజులు, కళ్లకి అద్దాలు.

పెదవాల్తేరు_కుర్రాడు
చాలా రోజులైంది. పిస్టన్ చెన్నై నుంచి వచ్చింది, 0.50. బోరు అయింది, రాడ్డు కిట్ వేశారు, సీళ్లు మార్చారు. మడ్‌గార్డులు కొత్త పెయింట్. ట్యాంకు గోటితో గీకి చూశాను, గట్టిగానే ఉంది, వదిలేశాను (ఇద్దరూ నన్ను తిట్టుకోవచ్చు). ఇప్పటిదాకా 43 వేలు.

నిన్న సాయంత్రం మొదటిసారి స్టార్ట్ చేశాం. అమ్మ దగ్గర మేకు అడిగితే క్యాలెండర్ ఎక్కడ పెట్టుకోనంది. తీసి ఇచ్చింది. స్విచ్చిలో చక్కగా కూర్చుంది, చివర గుండ్రంగా అరగదీసి ఉంది. నాలుగో కిక్కుకి లేచింది. వీధంతా పొగ. పక్కింటాయన దోమల బండి వచ్చిందనుకుని కిటికీలు వేసుకున్నాడు.

అప్పుడు గేరు వేసి క్లచ్చి వదిలాను. బండి వెనక్కి వెళ్లింది. బట్టలుతికే బండకి గుద్దుకుని ఆగింది. ఏం జరిగిందో నాకింకా అర్థం కావట్లేదు.

జావా_మామ
హహ్హహ్హా! దీని కోసమే మొన్న ఆగిపోయాను.

నిప్పురవ్వ మరీ ముందు పడింది. నువ్వు సగం కిక్కు కొట్టావు. పిస్టన్ పైకి చేరకముందే మంట దాన్ని కిందకి తోసేసింది, క్రాంకు ఎదురు దిక్కులో తిరగడం మొదలెట్టింది. టూ స్ట్రోక్‌కి వాల్వులు లేవు, పిస్టనే పోర్టుల్ని మూసి తెరుస్తుంది, ఎటు తిరిగినా దానికి ఒకటే. హాయిగా నడుస్తుంది, కాకపోతే నాలుగు గేర్లూ రివర్సే. అలా అయినప్పుడు ఛార్జింగ్ ఎర్ర లైటు ఆరదు, చూసుకో.

పెదవాల్తేరు_కుర్రాడు
ఆరలేదు!! బల్బు పోలేదు, మంచిదే అనుకున్నాను.

భీమిలి_బుల్లెట్
బుల్లెట్‌కి ఈ సౌకర్యం లేదు, ఒప్పుకుంటున్నా.

లేత్_మేస్త్రి
బోరు కొత్తది, మొదటి 500 కిలోమీటర్లు లాగొద్దు. లీటరు పెట్రోలుకి 40 మిల్లీ కన్నా ఒక పిసరు ఎక్కువే ఆయిలు పొయ్యండి. సిరిపురం ఎత్తు ఎక్కించి మగతనం చూపించొద్దు. డ్రమ్ము బ్రేకులు కూడా కొత్త లైనర్లు పట్టేదాకా పాండురంగాపురం డౌన్ వైపు వెళ్లకండి.

పెదవాల్తేరు_కుర్రాడు
టైమింగ్ సరిచేశారు, ఇవాళ ముందుకే వెళ్లింది. మా వీధి చివరి దాకా వెళ్లి వచ్చాను. ఆర్‌సీ పని మొదలుపెట్టాను, పెద్దమామయ్య సంతకం ఒక్కటే మిగిలింది.

ఉప్పుగాలి
జూలై రెండో ఆదివారం జావా యెజ్డీ వాళ్ల రోజు. ఈలోపు కాగితాలు అయిపోతే బీచ్ రోడ్డుకి తీసుకురండి. ట్యాంకు చూడాలి నాకు.

సింహాద్రి_రైడర్
నేనూ వస్తా. ట్యాంకు కింద తుప్పు చూడాలి నాకు.

డబుల్_సైలెన్సర్
అంతా బాగానే ఉంది గానీ, క్యాలెండర్ ఇప్పుడు ఎక్కడుంది?

పెదవాల్తేరు_కుర్రాడు
సోఫా మీద. కొత్త మేకు తెచ్చాను, ఆ కన్నంలో వదులుగా ఉందట.